మా ఆయన సరిచేసిన ఎక్స్‌రే

మా ఆయన్ని ఆసుపత్రిలో అందరూ ఎక్స్‌రే అన్న అంటారు. తాను తీసిన ఫిల్ము ఒక్కటి కూడా వెనక్కి తిరిగి రాలేదని ఆయనకు మహా గొప్ప. పెళ్ళయిన కొత్తలో నాకూ ముచ్చటగానే ఉండేది. ఇంట్లో గోడకు ఫోటో తగిలిస్తే నాలుగడుగులు వెనక్కి వెళ్ళి, తల పక్కకు వాల్చి, వంకరగా ఉందేమో చూసి సరిచేసేవాడు. వంకర లేకపోయినా సరిచేసేవాడు. ఆ జబ్బు ఎందాకా పోతుందో అప్పుడు నాకేం తెలుసు!

నేను డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాను. ఎడమకు తిప్పమంటే కుడికి తిప్పే మహానుభావుల పక్కన రోజంతా కూర్చుని ప్రాణాలు దక్కించుకున్నదాన్ని కాబట్టి నాకు నోరు కాస్త ఎక్కువే. మా అత్తయ్య ఆ మాట వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. చెబితే చెప్పుకోనీ, ఉన్నమాటే.

బాబు పుట్టింది మా ఆయన పనిచేసే ఆసుపత్రిలోనే. కడుపు కోసి తీశారు. కడుపుతో ఉన్నప్పుడు చేసిన స్కానింగుల్లో అన్నీ ఉన్నాయన్నారు. ఉన్నాయి, కాదనను. ఏది ఎటువైపు ఉందో మాత్రం ఎవరూ చూడలేదు. వాడు బొద్దుగా, నల్లటి జుట్టుతో, చూసినవాళ్ళు చూపు తిప్పుకోలేనట్టు ఉన్నాడు. మొదటిరోజు హాయిగా పాలు తాగి పడుకున్నాడు. మర్నాడు మధ్యాహ్నం తాగినవి తాగినట్టే కక్కేశాడు. తెల్లగా కాదు, ఆకుపచ్చగా. గుడ్డ మీద మరక పడి ఎంత నీళ్ళు పోసినా వదల్లేదు.

డ్యూటీ డాక్టరును పిలిపించాను. ఆయన ఫోన్ చూసుకుంటూ వచ్చి, చూసుకుంటూనే అడిగాడు.

"మొదటి కాన్పా అమ్మా?"

"అవునండీ."

"అందుకే ఈ కంగారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. మొదటి కాన్పయితే రంగులు కనిపించవా? ఆ గుడ్డ తీసి ఆయన ఫోనుకు అడ్డంగా పట్టుకున్నాను. అప్పుడు తల ఎత్తి చూశాడు. ఛాతీ, పొట్ట కలిసి వచ్చేలా ఎక్స్‌రే తీయించమని నర్సుకు చెప్పి వెళ్ళిపోయాడు.

"నా కొడుక్కి నేనే తీస్తా" అని మా ఆయన చక్రాల మిషను తోసుకుంటూ వార్డులోకి వచ్చాడు. వెనకాల ప్లేట్లక్క. ఎక్స్‌రే ప్లేట్లను వార్డుల నుంచి కింది గదికి మోసుకుపోయి, కంప్యూటర్లో పేర్లు ఎక్కించడం ఆమె పని. అసలు పేరు మర్చిపోయి అందరూ ప్లేట్లక్కా అనే పిలుస్తారు. పక్క మంచం అమ్మాయికి ఆడపిల్ల. ఆ పాప కాస్త ఎగశ్వాస తీస్తోందని దానికీ ఛాతీ ఎక్స్‌రే రాశారు; పసిపిల్లలకు ఛాతీ తీస్తే పొట్టా వచ్చేస్తుందట. అది కాళ్ళూ చేతులూ ఆడించేసరికి రెండుసార్లు తీయాల్సి వచ్చింది. ప్లేట్లక్క ప్లేట్లన్నీ గుండెలకు హత్తుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం మా ఆయన నవ్వుకుంటూ వచ్చి మంచం అంచున కూర్చున్నాడు.

"నీ కొడుకు నన్నే బోల్తా కొట్టించబోయాడే. తెర మీద చూస్తే గుండె కుడివైపు కనిపిస్తోంది! ఇదేమిట్రా, ఇన్నేళ్ళ సర్వీసు పెట్టుకుని ప్లేటు తిరగేసి పెట్టానా అని సిగ్గేసింది. ఒక్క నొక్కు నొక్కి సరిచేసి పంపించేశా. ఎవరూ చూడలేదులే."

"ఎటు ఎడమో తెలియడానికి ఏదో సీసం అక్షరం పెడతామనేవారుగా?"

"పెద్దవాళ్ళకు పెడతాం. పసిపిల్లలకు ఆ అక్షరమే సగం పొట్టను కప్పేస్తుంది. తర్వాత కంప్యూటర్లో వేస్తాం. గుండె ఎటుంటే అదే ఎడమ. అంతేగా!"

నేనూ నవ్వాను. కుట్లు లాగుతుంటే పొట్ట పట్టుకుని మరీ నవ్వాను.

ఆ ఫిల్ము చూసి డ్యూటీ డాక్టరు, "గుండె, కాలేయం, పొట్ట, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయమ్మా. పొట్టలో గాలి మాత్రం ఎక్కువగా ఉంది. పాలు తగ్గిద్దాం. చూద్దాం" అన్నాడు. ఆ చూద్దాంతోనే తెల్లారింది. ఆకుపచ్చ వాంతికి అర్థం ఏమిటో చదువుకుని వచ్చినవాడే చూద్దామన్నాక, చదువుకోని నేను ఏం చేయను? ఇప్పటికీ ఆ మాట ఎవరి నోట విన్నా నాకు చెయ్యెత్తాలనిపిస్తుంది.

పొద్దున్నకి వాడు ఏడవడం మానేశాడు. ఏడుపు కన్నా అదే భయం వేసింది. పొట్ట బిగుసుకుపోయింది. పెదాలు ఎండిపోయాయి. నేను కేకలు పెడితే వార్డంతా లేచింది. పిల్లల సర్జన్ వచ్చింది. సన్నగా, పొట్టిగా, నవ్వని మనిషి. వాడి పొట్ట మీద అరచేయి ఆనించి, ఒక్కసారిగా ఆగిపోయింది. స్టెతస్కోపు ఛాతీకి ఎడమవైపు పెట్టి, తీసి, కుడివైపు పెట్టింది. చాలాసేపు విన్నది. తర్వాత కంప్యూటర్లో ఫిల్ము తెరిచింది.

"ఈ ఫిల్ము ఈ బాబుది కాదు."

మా ఆయన మిషను పక్కనే నిలబడి ఉన్నాడు.

ఆమె నా మంచం దగ్గరికి వచ్చి నిదానంగా చెప్పింది. "మీ బాబుకి గుండె కుడివైపు ఉందమ్మా. కాలేయం ఎడమవైపు చేతికి తగులుతోంది. లోపలి భాగాలన్నీ అద్దంలో చూసినట్టు అటువి ఇటు, ఇటువి అటు ఉన్నాయి. అదొక్కటే అయితే భయపడక్కర్లేదు, ఇలా పుట్టి నూరేళ్ళు బతికేవాళ్ళున్నారు. కానీ కొందరిలో పేగు కూడా అమరాల్సినట్టు అమరదు. జారి మెలిపడుతుంది. రక్తం ఆగిపోతుంది. వీడికి అదే జరిగిందని నా అనుమానం. గుండె కుడివైపు ఉందని నిన్ననే ఫిల్ములో కనిపించి ఉంటే నిన్ననే నన్ను పిలిచేవాళ్ళు." తర్వాత వెనక్కి తిరిగింది. "ఎవరిదీ ఫిల్ము?"

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. చెప్తాడనుకున్నాను. దేవుడి సాక్షిగా, చెప్తాడనే అనుకున్నాను. ఒక్క మాట. నేనే తిప్పాను మేడమ్ అని.

"పక్క పాప కదిలిందని రెండుసార్లు తీశాను మేడమ్. ఆ రెండో ప్లేటుకి మా వాడి పేరు ఎక్కించి, మా వాడి ప్లేటు చెరిపేసి ఉంటుంది. పేర్లు ప్లేట్లక్క చూసుకుంటుంది" అన్నాడు.

ఎంత నున్నగా చెప్పాడో! ఎక్కడా తడబడలేదు. నేను తేరుకునేలోపే హడావిడి మొదలైంది. మళ్ళీ ఎక్స్‌రే తీయించారు. ఈసారి సర్జన్ పక్కనే నిలబడి, సీసం అక్షరం తన చేత్తో పెట్టింది. గుండెకు స్కాన్ చేసి, కుడివైపున్నా అది తన పని తాను చేసుకుంటోందన్నారు. కాగితం మీద సంతకం పెట్టించుకుని వాణ్ణి తీసుకుపోయారు.

ఆపరేషన్ గది బయట నా చక్రాల కుర్చీ పక్కన మా ఆయన గొంతుక్కూర్చున్నాడు.

"నిన్న నేను చెప్పింది ఎవరితోనూ అనకు."

"అంటాను. అనకపోతే ఆ ప్లేట్లక్క గతేంటి?"

"తర్వాత చూద్దాం. ఇప్పుడు లోపల ఆవిడ చేతిలో కత్తి ఉంది. ఇప్పుడు ఈ గొడవ ఆవిడ చెవిన పడి మనసు చెదిరితే? చెయ్యి వణికితే? వాడు బయటికి వచ్చేదాకా ఆగు. నీ కాళ్ళు పట్టుకుంటా."

నిజంగానే పట్టుకున్నాడు. నా కొడుకును చూపించి నా నోరు కట్టేశాడు. అబద్ధం దాచుకోవడానికి వాడి కోసిన పొట్ట తప్ప ఇంకో చోటే దొరకలేదా ఆ మనిషికి! నా గొంతు దాకా వచ్చిన మాటను మింగేశాను. వాడు బతకాలి. అంతే నాకు కావాల్సింది.

నన్ను వార్డుకు తెచ్చి పడుకోబెట్టారు. అక్కడ ఇంకో భాగోతం మొదలైంది. డ్యూటీ డాక్టరు నిన్నటి నిర్లక్ష్యమంతా ఇవాళ కడిగేసుకుందామని కాబోలు, ఎక్కడలేని హుషారుతో పక్క మంచం దగ్గరికి వచ్చాడు.

"నిన్న మేము చూసిన ఫిల్ము మీ పాపదటమ్మా. పొట్టలో గాలి నిండి ఉంది. పేగుకు ఎక్కడో అడ్డు ఉండొచ్చు. ఇప్పటినుంచి పాలు పట్టకండి."

"బాగానే తాగుతోంది కదండీ" అంది ఆ అమ్మాయి. "వాంతులేమీ లేవండీ."

"మొదలవకముందే చూసుకోవాలమ్మా. పక్కన చూశారుగా."

చేతికి సెలైన్ పెట్టి, రొమ్ము దగ్గర నుంచి పిల్లను తీసేశారు. నా కొడుకు పొట్టలో గాలిని ఆ పిల్ల పొట్టలో వేసేశారు. దానికి ఆకలి తప్ప ఏ జబ్బూ లేదు. నోరంతా తెరిచి ఏడుస్తోంది. తల్లి ఒడిలో ఉంటే పాల వాసనకి ఇంకా ఏడుస్తోందని మా అత్తయ్య దాన్ని భుజాన వేసుకుని వార్డంతా తిప్పుతోంది. తిప్పుతూ తిట్టిపోస్తోంది.

"ఆ ప్లేట్లు మార్చినవాళ్ళ చేతులు పడిపోను! పసిగుడ్డును పస్తు పెట్టినవాళ్ళకి అన్నం సహిస్తుందా? నా మనవడి పేగులు మెలిపెట్టినవాళ్ళు బాగుపడతారా?"

ఆ తిట్లు ఎవరికి తగులుతున్నాయో తెలిసినది నాకూ, గుమ్మంలో నిలబడి వింటున్న మా ఆయనకూ మాత్రమే. పళ్ళు కొరుక్కుంటూ పడుకున్నాను.

అప్పుడు ప్లేట్లక్క వచ్చింది, ఆమెను చూడగానే మా ఆయన అక్కణ్ణుంచి తప్పుకున్నాడు. ఆమెను పనిలోంచి ఆపేశారట. కొంగుతో ముఖం తుడుచుకుంటూ నా కాళ్ళ దగ్గర నిలబడింది.

"క్షమించమ్మా. నీ బిడ్డ ప్రాణం మీదికి తెచ్చాను. ప్లేటు మీద చీటీ చూసే పేరెక్కించానని నా మనసుకి అనిపిస్తోంది. కానీ అన్న అంత గట్టిగా చెబుతున్నాడంటే, నేనే పొరపాటు చేసి ఉంటాను. అన్న ఎప్పుడూ తప్పు చేయడు కదా."

ఏం చెప్పాలి నేను? చేయని తప్పును తానే చేసినట్టు ఆమె నా కళ్ళ ముందే నమ్మేస్తోంది. నా చెయ్యి పట్టుకుంది. ఆ చేతిని విదిలించుకోలేదు, అలాగని నిజమూ చెప్పలేదు. "వెళ్ళకు, ఇక్కడే కూర్చో" అన్నాను. నా కంపరం చూసి, అది తన మీదే అనుకుని ఇంకా ముడుచుకుపోయింది.

మధ్యాహ్నానికి బాబు బయటికి వచ్చాడు. సర్జన్ నా దగ్గరికి వచ్చి టోపీ తీసింది.

"మెలి విప్పేశాను. పేగులో ఒక ముక్క అప్పటికే నల్లబడింది, తీసేశాను. మిగతాది ఎర్రగా, బాగుంది. బతుకుతాడు." కాస్త ఆగి, "నిన్నే చేసి ఉంటే ఆ ముక్కా మిగిలేది" అంది.

ఆమె వెళ్ళాక ఏడ్చాను. బతుకుతాడన్నందుకు ఏడ్చాను. ఏడుపు తగ్గాక కోపం వచ్చింది. అలాంటి కోపం నాకు అంతకు ముందెప్పుడూ తెలియదు.

మా ఆయన వచ్చాడు. ముఖం కడుక్కుని, తల దువ్వుకుని వచ్చాడు.

"ఇంక చెప్పండి వెళ్ళి" అన్నాను.

"ఏమని? అయిపోయింది కదే. వాడు బతికాడు. ఇప్పుడు చెప్పి ఎవరికి లాభం? రేపు పొద్దున్నకి పక్క పాపకు ఏమీ లేదని తేలిపోతుంది, పాలిచ్చేస్తారు. ప్లేట్లక్కను కొన్నాళ్ళు పోయాక మళ్ళీ పిలిపిస్తారు, నేనే మాట్లాడతా. అన్నీ సర్దుకుంటాయి."

తల పక్కకు వాల్చి మాట్లాడుతున్నాడు. గోడ మీది ఫోటోను చూసినట్టు చూస్తున్నాడు నన్ను.

అంతలో నర్సు ట్రే తీసుకుని పక్క మంచం దగ్గరికి వచ్చింది. పాప ముక్కులోంచి పొట్టలోకి గొట్టం వేసి, మందు పోసి, వరసగా ఎక్స్‌రేలు తీస్తారట. డ్యూటీ డాక్టరు పాప తల కదలకుండా పట్టుకున్నాడు. ఆ తల్లి రెండు చేతులతో చెవులు మూసుకుంది. గొట్టం ముక్కులోకి దిగేసరికి ఆ పిల్ల కెవ్వుమంది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది దానికి.

నేను మంచం దిగాను. కుట్లు పిగిలిపోతే పోనీ అనుకున్నాను.

"తీయండి ఆ గొట్టం! ఆ పిల్లకు ఏ రోగమూ లేదు. నిన్నటి ఫిల్ము నా కొడుకుదే."

అందరూ నా వైపు తిరిగారు. మా ఆయన గబగబా వచ్చి నా భుజాలు పట్టుకున్నాడు.

"దీనికి మత్తు ఇంకా దిగలేదు డాక్టర్. నిద్ర కూడా లేదు."

"మత్తా?" అన్నాను. నా గొంతు వరండా దాకా వినిపించి ఉంటుంది. "మత్తు నాకు ఎప్పుడో దిగింది, నీకే ఇంకా దిగలేదు! గుండె కుడివైపు కనిపిస్తే ఒక్క నొక్కు నొక్కి సరిచేశానని నిన్న ఈ మంచం మీద కూర్చుని చెప్పలేదా? ఎవరూ చూడలేదులే అని నవ్వలేదా? ప్లేట్లక్క ఏ ప్లేటూ మార్చలేదు. ఆమె మీద తోసేసి నా కాళ్ళు పట్టుకున్నది ఎవరు?"

పెళ్ళయ్యాక ఆయన్ని నువ్వు అనడం అదే మొదటిసారి.

నా కేకలు విని వరండాలోంచి సర్జన్ వెనక్కి వచ్చింది. ఎవరినీ ఏమీ అడగలేదు. కంప్యూటర్లో నిన్నటి ఫిల్ము తెరిచింది, పక్కన ఇవాళ్టిది తెరిచింది. నిన్నటిదాన్ని ఒక్క నొక్కు నొక్కి తిప్పింది. రెండు ఫిల్ములూ ఒకటే. గుండె ఒకటే, గాలి నిండిన పొట్ట ఒకటే, బొడ్డు దగ్గర పెట్టిన క్లిప్పు కూడా ఒకే ఏటవాలుగా ఉంది. ఆమె నర్సు వైపు చూసింది. నర్సు పాప ముక్కులోంచి గొట్టం తీసేసింది.

"ఇలా ఎన్ని తిప్పావు?" అని మా ఆయన్ని అడిగింది సర్జన్.

"తిరగబడి వచ్చినవే సరిచేశాను మేడమ్. ఎప్పుడో ఒకటీ అరా."

"తిరగబడి వచ్చాయని నీకెలా తెలుసు?"

మా ఆయన తెర మీది ఫిల్ముల వైపు తిరిగి, ఒకదాని తర్వాత ఒకటి చూశాడు. ఆ ప్రశ్న ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఆయన తలలోకి రాలేదని ఆ ముఖం చూస్తే తెలిసిపోయింది. తాను సరిచేసిన పసిపిల్లలు ఎందరో, ఏ ఇళ్ళల్లో ఉన్నారో, వాళ్ళలో ఎందరి గుండె నిజంగానే కుడివైపు ఉందో ఆయనకే తెలియదు. ఎంతమంది తల్లులు పిల్లకు కడుపునొప్పని వస్తే, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయని పంపేశారో! 

ప్లేట్లక్క గుమ్మంలో నిలబడి అంతా విన్నది. ఏడవలేదు. "చీటీ చూసే ఎక్కించానమ్మా" అని మెల్లగా అంది, తనకు తానే చెప్పుకుంటున్నట్టు. తర్వాత మా ఆయన వైపు ఒక్కసారి చూసి, మెట్లు దిగి తన గదికి వెళ్ళిపోయింది.

మా అత్తయ్య మంచం కోడు పట్టుకుని కూర్చుంది. పొద్దున్నుంచి ఆమె పెట్టిన శాపాలన్నీ ఆమె నోటికే అడ్డం పడినట్టున్నాయి. కొడుకు దగ్గరికి రాబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"అక్కడే ఆగు. నేను తిట్టినంతసేపూ నువ్వు గుమ్మంలోనే ఉన్నావు కదరా" అంది.

మా ఆయన్ని సూపరింటెండెంటు గదికి రమ్మని కబురొచ్చింది. వెళ్తూ నా వైపు చూశాడు. నేను తల తిప్పుకోలేదు. చూస్తే చూడనీ అనుకున్నాను.

పక్క మంచం పాపకు పాలివ్వమన్నారు. దాని సెలైన్ తీసేశారు. ఆ అమ్మాయి పిల్లను రొమ్ముకు అందించింది. మొదట అది పట్టుకోలేకపోయింది. ఏడ్చి ఏడ్చి నోరు ఎండిపోయి, పట్టు జారిపోయేది. కాసేపటికి గుటకలు వేస్తున్న చప్పుడు నా మంచం దాకా వినిపించింది. నాకు కాస్త ఊపిరి ఆడింది. మీ మేలు మర్చిపోనక్కా అని ఏదో ఒకటి అంటుంది, నేను వద్దులే అంటాను అనుకున్నాను కూడా. ఎంత సిగ్గులేనిదాన్నో చూడండి.

ఆమె తల ఎత్తకుండానే అడిగింది.

"అక్కా, ఆయన అబద్ధం చెబుతున్నాడని మీకెప్పుడు తెలిసింది?"

"పొద్దున" అన్నాను.

"పొద్దున్నుంచీ ఇది మీ పక్కనే ఏడుస్తోంది కదక్కా."

ఎవరికైనా నిమిషంలో జవాబు చెప్పే నోరు నాది. నా కొడుకు కత్తి కింద ఉన్నాడు అని చెబుదామనుకున్నాను. ఆమె ఒళ్ళో ఉన్న పిల్లను చూశాక ఆ మాట బయటికి రాలేదు.  ఆమె పిల్లను జాగ్రత్తగా అటువైపు మార్చుకుని, నాకు వీపు పెట్టి, గోడవైపు తిరిగి పడుకుంది.